డిస్కు తిప్పి పంపకండి

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ఇరాన్ దర్శకుడు కియరొస్తామీ తీసిన ‘టేస్ట్ ఆఫ్ చెర్రీ’ సినిమా బ్లూ-రే పంపింది. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో పెడితే రీజియన్ సరిపోలేదంటూ ఆగిపోతోంది. పక్కింటివాళ్లు సింగపూర్ నుంచి తెచ్చుకున్న ప్లేయర్‌లో ఆడింది గానీ, చివర్లో తెర నల్లబడి, ఆపైన బొమ్మ మసకమసగ్గా వచ్చింది. డిస్కు లోపమా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: డిస్కు బాగానే ఉందండీ. బ్లూ-రేలకు మూడు రీజియన్లు, అంటే ప్రాంతాల విభజన; ఒక ప్రాంతం డిస్కు మామూలుగా ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడుతుంది. అమెరికా, జపాన్, సింగపూర్ ‘ఎ’లోకి, ఐరోపా ‘బి’లోకి, మనం ‘సి’లోకి వస్తాం. క్రైటీరియన్ సంస్థ 2020లో తెచ్చిన ఈ డిస్కు ‘ఎ’ది. రిమోట్‌లో నంబర్లు నొక్కే చిట్కా ఎవరైనా చెబితే, దాంతో సాధారణంగా మారేది డీవీడీ రీజియనే. మీకు కావలసింది బ్లూ-రేకి కూడా మల్టీ రీజియన్ అయిన ప్లేయర్. ఈ ఒక్క సినిమా కోసమైతే దండగ. విదేశీ డిస్కులు ఇంకా కొనే ఉద్దేశముంటేనే కొనండి. అమెరికా నుంచి తెప్పిస్తే వెనక ముద్రించిన వోల్టేజీ చూడాలి. 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230కి పవర్ సప్లై కాలిపోతుంది. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, ప్లేయర్‌ని దానికే తగిలించండి.

ఇక ఆ చీకటి. కథానాయకుడు బాదీ గోతిలో పడుకున్నాక మెరుపులు, ఆ తర్వాత ఏమీ కనబడదు. అది దర్శకుడు పెట్టిన చీకటే. అనుమానమొస్తే డిస్‌ప్లే బటన్ నొక్కండి. టైము నడుస్తూ వాన చప్పుడు వినబడుతుంటే ప్లేయర్ ఆగలేదన్నమాట. దయచేసి ఫార్వర్డ్ చేయకండి, సినిమా బరువంతా అక్కడే ఉంది. గదిలో ట్యూబ్‌లైటు కూడా ఆర్పేయండి. ఆపైన వచ్చే పచ్చటి కొండ, సైనికులు, చిత్రబృందం, ఇదంతా వీడియో కెమెరాతో తీసింది. మిగతా సినిమా ఫిల్ము మీద తీసింది. ఈ డిస్కుకి సినిమాను 4కె స్పష్టతతో పునరుద్ధరించారు గానీ, వీడియోలో మొదట్నుంచీ లేని స్పష్టత దాంతో రాదు. షార్ప్‌నెస్ పెంచారా, అంచుల చుట్టూ తెల్లగీతలు లేచి ఇంకా చెడుతుంది.

ప్రశ్న: ఇదే సినిమాలో రెండు పక్కలా సన్నని నల్లపట్టీలు. జూమ్‌తో తీసేయవచ్చా?
— ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: తీస్తే పైనా కిందా బొమ్మ తెగుతుంది. సినిమా నిష్పత్తి 1.66:1, టీవీది 1.78:1. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పక్క 60 పిక్సెళ్ల పైచిలుకు నలుపు ఉండాల్సిందే. అసలు పట్టీలే కనబడని టీవీలో ఓవర్‌స్కాన్ (బొమ్మను పెద్దదిచేసి అంచులు కోసేసే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూసుకోవాలి. వివిడ్ మోడ్‌లో టెహ్రాన్ శివారు మట్టిదిబ్బలు నారింజరంగు తిరుగుతాయి. సినిమా మోడ్, వార్మ్ పెట్టి, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ప్లేయర్‌లో 24పి (సెకనుకు 24 ఫ్రేములు) ఆన్ చేయండి. శబ్దం మోనో, అంటే ఒకే చానెల్, కాబట్టి మధ్య స్పీకరొక్కటే పలికినా తప్పేం లేదు.

ప్రశ్న: తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

జవాబు: లేవు. మాటలు ఫార్సీ, కింద ఇంగ్లిషు.