ఫ్రేమ్‌లో లోతు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన షాట్లు చూశాను. ఫోకస్ ఎక్కడా జారలేదు, ఎక్స్‌పోజర్ బాగుంది. కానీ ప్రతి ఫ్రేమ్‌లోనూ మనిషిని గోడకి అతికించినట్టుంది. వెనకంతా బ్లర్ చేస్తే లోతు అదే వస్తుందని అనుకుంటున్నట్టున్నావు. బ్లర్ మనిషిని వెనకనుంచి విడదీస్తుంది, అంతే. వెనక ఏది ఎంత దూరంలో ఉందో చెప్పే ఆనవాళ్లని మాత్రం అదే చెరిపేస్తుంది. అందుకని కొన్నాళ్లు ఎఫ్ 1.4 (లెన్స్ కన్ను బాగా తెరిచి వెనకంతా బ్లర్ చేసే సెట్టింగ్; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది) జోలికి పోకు, ఫోన్ కెమెరాతోనే నేర్చుకో. దాని సెన్సర్ చిన్నది కాబట్టి దాదాపు అంతా ఫోకస్‌లోనే ఉంటుంది, బ్లర్ చాటున దాక్కోవడం కుదరదు. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ముట్టుకోకు.

ఆ తర్వాత అసలు కెమెరాతో ఈ ఒక్క పని శ్రద్ధగా చెయ్యి. ఇద్దర్ని ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టు. మధ్యలో 4 అడుగులు వదిలి, వెనక మనిషిని కాస్త పక్కకి జరుపు. 25 ఎం.ఎం. లెన్స్ (ఈ అంకె చిన్నదైతే ఎక్కువ మేర కనిపిస్తుంది, పెద్దదైతే తక్కువ) వేసి ముందు మనిషికి 4 అడుగుల్లో కెమెరా పెట్టు. తర్వాత 50 వేసి 8 అడుగులకి, 100 వేసి 16 అడుగులకి వెనక్కి రా. మూడు షాట్లలోనూ ముందు మనిషి ఒకే సైజులో ఉంటాడు. వెనక మనిషి మాత్రం మొదటిదాంట్లో అతనిలో సగం, రెండోదాంట్లో మూడింట రెండొంతులు, మూడోదాంట్లో ఐదింట నాలుగొంతులు కనిపిస్తాడు. కెమెరా నుంచి ఇద్దరి దూరాలు చూడు: 4కి 8, 8కి 12, 16కి 20. లెక్కంతా ఇదే.

సెట్‌లో దీన్నే 'టెలీ లెన్స్ (100 లాంటి పొడుగు లెన్స్) దూరాన్ని నొక్కేస్తుంది' అంటారు. నొక్కింది లెన్స్ కాదు, నువ్వు వెనక్కి నడిచిన 12 అడుగులు. నమ్మకం కుదరకపోతే కెమెరా కదపకుండా అక్కడినుంచే 25తో ఒకటి, 50తో ఒకటి తీసి, మొదటిదాని మధ్య భాగాన్ని రెండింతలు పెంచి పక్కపక్కన పెట్టు. ఇద్దరి సైజుల నిష్పత్తి మారదు. కాబట్టి లొకేషన్‌లో దిగగానే లెన్స్ పెట్టె తెరవకు. ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకో. అక్కడినుంచి ఎంతవరకు చూపించాలన్నదే లెన్స్ చూసుకుంటుంది.

జూమ్‌కీ ట్రాలీకీ (పట్టాల మీద కెమెరాని తోసే బండి) తేడా కూడా ఇక్కడే ఉంది. జూమ్ చేస్తే దగ్గరివీ దూరానివీ ఒకే పాళ్లలో పెరుగుతాయి. ట్రాలీ ముందుకి తోస్తే దగ్గరివి గబగబా పెరుగుతాయి, దూరానివి పెద్దగా కదలవు. పక్కకి ట్రాక్ చేసేటప్పుడు కెమెరాకి రెండు మూడడుగుల్లో ఒక స్తంభమో, కిటికీ ఊచలో, తీగమీద ఆరేసిన చీరో దాటేలా చూసుకో. ముందు ఏమీ లేకుండా ట్రాక్ వేస్తే కూలీల శ్రమ వృథా, ప్యాన్ చేసినా (ఉన్నచోటే కెమెరాని పక్కకి తిప్పినా) ఇంచుమించు అలాగే ఉండేది.

గోడల సంగతి. గోడకి ఎదురుగా కెమెరా పెడితే దాని అడ్డగీతలన్నీ ఫ్రేమ్ అంచుకి సమాంతరంగా వస్తాయి, గది అట్టముక్క అయిపోతుంది. 30, 45 డిగ్రీలు పక్కకి వచ్చి మూలకేసి చూడు. గచ్చు గళ్లు, కిటికీ అంచులు, పైకప్పు గీత, ఏ వైపువి ఆ వైపు దూరంగా ఒకచోట కలవడానికి పోతాయి. అపార్ట్‌మెంట్ హాల్లో చోటు చాలకపోతే తలుపు తెరిపించి అవతలి గదిలో ఒక దీపం వెలిగించు. నటుణ్ని గోడకి ఆనించకు. కనీసం ఐదారడుగులు ముందుకి లాగు.

కెమెరా ఎత్తుని చాలామంది పట్టించుకోరు. నిలబడ్డవాళ్ల కళ్ల ఎత్తులో కెమెరా ఉంటే, దగ్గరివాళ్లయినా దూరంవాళ్లయినా అందరి కళ్లూ ఫ్రేమ్‌లో ఒకే గీత మీదికి వస్తాయి. పాదాలు కనిపిస్తే ఎవరు ఎంత దూరమో తెలుస్తుంది, నడుము దాకా చూపించే మిడ్‌షాట్‌లో పాదాలు ఉండవు కదా. తలలకన్నా ఒక అడుగు పైకి లేపి కాస్త కిందికి వంచు. వెనకవాళ్ల తలలు ఫ్రేమ్‌లో పైకి జరిగి వరుసలు విడిపోతాయి.

ఒకదాన్ని ఒకటి కప్పడం అన్నిటికన్నా గట్టి ఆనవాలు. అంచులు కేవలం తాకుతూ ఉంటేనే అది చెడుతుంది. భుజం అంచు తలుపు అంచుని సరిగ్గా తాకితే ఏది ముందో కంటికి తెలియదు. స్పష్టంగా కప్పు, లేదా పూర్తిగా విడదియ్యి. కెమెరా అరడుగు జరిపితే సరిపోతుంది. తర్వాత మానిటర్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి కళ్లు చికిలించి చూడు. ముందు చీకటి, మధ్య వెలుగు, వెనక మసక అని మూడు మెట్లు విడిగా కనిపించకపోతే లైట్లు మార్చాలి, రంగులు కాదు.

పొగ సాయం చేస్తుంది, కానీ వెనకనుంచి లైటు ఉన్నప్పుడే. ముందునుంచి లైటు కొడితే ఫ్రేమంతా పాలిపోతుంది. ఫ్యాన్లు, ఏసీ ఆపించి, పొగ సమంగా పరుచుకున్నాకే రోల్ చెయ్యి.

అంతా ఫోకస్‌లో కావాలంటే లెక్క తెలిసుండాలి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పాత స్టిల్ ఫిల్మ్ ఫ్రేమంత సైజుది) మీద 25 లెన్స్‌ని ఎఫ్ 8లో సుమారు ఎనిమిదిన్నర అడుగులకి ఫోకస్ పెడితే, నాలుగుంపావు అడుగుల నుంచి ఆపైనంతా నిలుస్తుంది. 50తో అయితే 34 అడుగులకి పెట్టాలి, 17 అడుగుల లోపలివి పోతాయి. ఎఫ్ 2.8 నుంచి 8కి వెళ్తే ఎనిమిదింతల లైటు కావాలి, లైట్లు చూసుకునే గ్యాఫర్‌కి ముందే చెప్పు. హాలీవుడ్ ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ 1941లో విడుదలైన 'సిటిజన్ కేన్'కి తీసిన మందు గ్లాసు షాట్‌ని దీనికి ఉదాహరణగా చెబుతుంటారు. గ్లాసు దగ్గర, మంచం మధ్యలో, తలుపు దూరంగా ఉంటాయి. నిజానికి దాన్ని ఒక్క దెబ్బలో తీయలేదు, ఫిల్మ్ వెనక్కి తిప్పి ముందుభాగం, వెనకభాగం విడివిడిగా ఎక్స్‌పోజ్ చేశారు. కంటికి దగ్గరగా ఉన్న గ్లాసు కోసం అంతటివాడే వేరే దారి వెతికాడు, నువ్వు లెన్స్‌ని తిట్టుకోనక్కర్లేదు.

చదునైన ఫ్రేమ్ తప్పేమీ కాదు. ఇరుక్కుపోయిన మనిషిని చూపించాలంటే గోడకి ఎదురుగా, దూరంనుంచి, పొడుగు లెన్స్‌తో తీయడమే సరి. ఆ సంగతి షాట్‌కి ముందే డైరెక్టర్‌తో మాట్లాడుకో. మాటల సీన్‌లో ఒకరి క్లోజప్ 35తో 3 అడుగుల్లో, ఎదుటివారిది 85తో 7 అడుగుల్లో తీస్తే ముఖాల సైజు కలుస్తుంది కానీ ఇద్దరూ ఒక గదిలో ఉన్నట్టుండదు. ఎడిటింగ్‌లో దాన్ని ఎవరూ సరిచేయలేరు. కాబట్టి ప్రతి షాట్‌కీ లెన్స్, దూరం, ఎత్తు, వంపు నోట్‌బుక్‌లో రాసుకో. రివర్స్ (ఎదుటివారి షాట్) మర్నాడు తీయాల్సి వస్తే టేపు పట్టుకుని ఆ కొలతలకే కెమెరా పెట్టు.

మీ మావయ్య