ఫోన్ ఉంటే కారు మనల్ని గుర్తుపడుతుందా?

ప్రశ్న: ఆగి ఉన్న వ్యాన్ వెనకనుంచి సడన్‌గా రోడ్డు మీదకొచ్చే మనిషిని కారు ముందే ఎలా పసిగడుతుందండీ?

జవాబు: కెమెరాకైతే మనిషి కనపడాలి, రేడియో సిగ్నల్‌కి ఆ అవసరం లేదు, అదే అసలు కిటుకు. మీరెక్కడున్నారు, ఎటు, ఎంత స్పీడ్‌లో వెళ్తున్నారు అని మీ ఫోన్ పంపుతూ ఉంటే కారు అందుకుని లెక్కేసుకుని డ్రైవర్‌ని హెచ్చరిస్తుంది. 2012లో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ వైఫై డైరెక్ట్‌తో, అంటే రెండు పరికరాలు నేరుగా మాట్లాడుకునే వైఫైతో ఇదే ప్రయత్నించింది, సెల్ టవర్‌తో పని లేకుండా, దాదాపు 200 మీటర్ల దూరం వరకు. చిక్కల్లా జీపీఎస్‌తోనే, అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తే మీరు ఫుట్‌పాత్ మీదున్నారో రోడ్డు మీదున్నారో కారుకి తెలీదు, ఊరికే అలారం మోగుతుంటే డ్రైవర్ విసుగొచ్చి ఆ అలారాన్నే ఆపేస్తాడు. మరి ఫోన్ లేని చిన్నపిల్లల సంగతేంటి? అందుకే కెమెరాలు వద్దు ఇదొక్కటే చాలంటే నేనైతే ఒప్పుకోనండీ.