ఇంటి రూటర్‌కి పాత నెట్‌వర్క్ కార్డు కొనొచ్చా?

పాత డెస్క్‌టాప్‌లో ఓపీఎన్‌సెన్స్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ వేసి రూటర్‌గా పెట్టుకుంటున్నారు, భీమవరంలో ఒకాయన ఇంటెల్ ఐ350 నాలుగు పోర్టుల కార్డు వాడింది అమ్ముతున్నాడు, తీసుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా తీసుకోండి, కానీ కార్డు చేత్తో పట్టుకుని చూశాకే డబ్బులివ్వండి. పాలకొల్లులో మా ఇంటి రూటర్‌లో ఉన్నది కూడా సర్వర్‌లోంచి తీసిన ఐ350నే. మదర్‌బోర్డు మీదే ఉండే రియల్‌టెక్ కంపెనీ పోర్టుతో ఫ్రీబీఎస్‌డీలో (ఓపీఎన్‌సెన్స్‌కి అడుగున ఉండే ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చే తలనొప్పులు దీనితో నాకు రాలేదు.

మన వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. కార్డు ఇదివరకు ఎక్కడ పనిచేసిందో ముందు అడగండి. ఏసీ గదిలో సర్వర్‌లో ఉన్నదైతే పదేళ్ల పాతదైనా నాకు అభ్యంతరం లేదు. రొయ్యల చెరువు షెడ్డులో కెమెరాల పీసీలో ఉన్నదైతే నేను కొనను. టార్చి వేసి పోర్టు లోపలికి చూడండి. ఎనిమిది సన్నటి తీగలు వరసగా, మెరుస్తూ కనబడాలి. ఏ ఒక్కదాని మీద ఆకుపచ్చగా చిలుము కనబడినా వదిలేయండి. స్లాట్‌లోకి దిగే అంచు మీద బంగారు పూత కూడా అలాగే చూడండి. కార్డుని కేసుకి బిగించే రేకు (బ్రాకెట్) మీద కాస్త తుప్పు ఉంటే పర్వాలేదు.

లైటు వెలిగింది కదా, పోర్టు బాగానే ఉందంటాడు అమ్మేవాడు. దాన్ని నమ్మకండి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. గిగాబిట్‌కి అదనంగా కావాల్సిన ఆ నాలుగింట్లో ఒక్క తీగ పాడైనా లింకు 100కి పడిపోవచ్చు, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అందుకే పెన్‌డ్రైవ్‌లో లైవ్ లైనక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేది) తీసుకెళ్లి, బాగున్న కేబుల్‌తో ఒక్కో పోర్టుకీ ఈథ్‌టూల్ అనే కమాండ్‌లో స్పీడు 1000 చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత కాసేపు పెద్ద ఫైలు కాపీ చేసి సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) చూడండి. అవి పెరుగుతుంటే బేరం ఆడకుండా వచ్చేయండి.

ఐ350కి నకిలీలు చాలా ఉన్నాయి. సీలు తీయని కొత్త డబ్బాలో మరీ చవగ్గా వస్తే నాకు అనుమానమే. డెల్, హెచ్‌పీ లేబుల్‌తో సర్వర్‌లోంచి ఊడదీసిన కార్డే నయం. దగ్గర్లో దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి చూడండి.

మీ డెస్క్‌టాప్ సన్న రకమైతే పొట్టి బ్రాకెట్ కూడా అడిగి తీసుకోండి, విడిగా దొరకడం కష్టం. కార్డు ఎక్స్4 సైజుది (ఎక్స్ పక్క అంకె పెరిగేకొద్దీ స్లాట్ పొడవు) కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఎక్స్16 స్లాట్‌లో హాయిగా కూర్చుంటుంది. చిన్న ఎక్స్1 స్లాట్ మాత్రమే ఖాళీగా ఉంటే ఇది వద్దు. నిజానికి ఇంటికి రెండు పోర్టులు చాలు: ఒకటి ఫైబర్ డబ్బాకి, రెండోది స్విచ్‌కి.

చివరగా, కొబ్బరితోటలోకో చెరువు గట్టుకో వెళ్లే కెమెరా కేబుల్‌ని నేరుగా ఈ కార్డుకి గుచ్చకండి. మన దగ్గర పిడుగుల సంగతి తెలిసిందే. మధ్యలో ఒక చవక స్విచ్ పెడితే చాలాసార్లు దెబ్బ ముందు దానికే తగులుతుంది. ఉరుములు మొదలైతే మాత్రం ఆ కేబుల్ ఊడదీసేయడమే మంచిది.