టెక్ సందేహాలు: చెరువు అవతలి పిట్ట పేరు ఫోన్ చెప్పగలదా?

"సార్, మాది దేవరకద్ర దగ్గర. కోయిల్‌సాగర్ నీళ్ల అవతలి ఒడ్డున బూడిద రంగు పెద్ద బాతుల్లాంటివి నలభై దాకా దిగాయి. 100 ఎక్స్ జూమ్ పెట్టి తీశాను. గూగుల్ లెన్స్ ఒకసారి బాతు అంటుంది, ఇంకోసారి కొంగ అంటుంది. జూమ్ బాగుండే కొత్త ఫోన్ తీసుకోమంటారా?"

ఆగండి, ఇప్పుడే ఫోన్ కొనకండి. మీరు పంపిన ఫొటో చూశాను. తప్పు లెన్స్ యాప్‌ది కాదు, దాని చేతికి మనం ఇచ్చిన సరుకే తక్కువ.

ఒక చిన్న లెక్క. పక్షులు 200 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. ఫోన్ మామూలు కెమెరాకు అంత దూరంలో దాదాపు 300 మీటర్ల వెడల్పు ఒడ్డు కనపడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 4,000 చుక్కలు (పిక్సెళ్లు). అంటే మీటరుకు 13 చుక్కలు. 70 సెంటీమీటర్ల పక్షికి దక్కేది తొమ్మిదో పదో. అద్దాలతోనే అయిదు రెట్లు దగ్గరికి లాగే మంచి 5 ఎక్స్ ఆప్టికల్ లెన్స్ ఉన్న ఫోన్‌లో అయితే 45 దాటుతాయి. ఆ పైన స్క్రీన్ మీద కనిపించే జూమ్ అంతా ఉన్న చుక్కల్ని సాగదీయడమే.

సాగదీసి ఊరుకున్నా బాగుండేది. ఇప్పటి ఫోన్లు ఖాళీల్ని ఊహించి నింపేస్తున్నాయి. మొన్న మా డాబా మీద నుంచి సెల్ టవర్ మీది గద్దను ఫుల్ జూమ్‌లో తీశాను. ఈకలు గీసినట్టు వచ్చాయి, మురిసిపోయాను. పక్కనే వేలాడుతున్న గోనెపట్టా ముక్కను తీస్తే దానికీ ఈకలు వచ్చాయి! మీ ఫొటోలో తలల మీద కనిపించే నల్ల గీతల్ని నేను నమ్మకపోవడానికి కారణం అదే.

ఆ గీతలు నిజమైతే మాత్రం సంతోషించాల్సిన సంగతి. వెనక తల మీద రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు చలికాలంలో హిమాలయాలు దాటి దక్షిణాది చెరువులకు వస్తుంది. మంగోలియాలో శాస్త్రవేత్తలు వీటి మెడకు అక్షరాలున్న పట్టీలు వేస్తే, అవి ఇటువైపు చెరువుల్లో కనిపించిన సందర్భాలున్నాయి. కాబట్టి మెడలు కూడా చూడండి.

పట్టీలు కనపడనంత దూరమైతే నడకా ఎగరడమూ చూడాలి. ఈ గూస్ గట్టు మీద గడ్డి మేస్తూ నడుస్తుంది, ఎగిరితే తల తెల్లగా మెరుస్తుంది. నారాయణ పక్షి, అంటే బూడిద రంగు కొంగ, మెడ మడుచుకుని ఎగురుతుంది. ఓపెన్‌బిల్ కొంగ మెడ చాచే ఎగురుతుంది కానీ కాళ్లు తోక దాటి వెనక్కి వేలాడతాయి, రెక్కల్లో నలుపుంటుంది. ముక్కు నల్లగా ఉండి కొన మాత్రం పసుపైతే అది మన స్పాట్ బిల్డ్ బాతే.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? నా ఓటు 8×42 బైనాక్యులర్స్‌కి. 8 అంటే 200 మీటర్ల పక్షి 25 మీటర్లలో ఉన్నట్టు కనపడుతుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పొద్దున మసక వెలుతురులో ఆదుకునేది ఈ రెండో అంకె. 12, 16 ఎక్స్ తీసుకుంటే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు 90×80 అని అమ్ముతారు, ఆ అంకెలు డబ్బా మీదే ఉంటాయి, లోపల ఉండవు. కళ్లద్దాలు పెట్టుకునేవారైతే ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనపడాలంటే కంటికీ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

కొన్నాక చాలామంది చెయ్యని పని ఒకటుంది. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి, ఎడమ కంటికి ఏదైనా బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. ఇది చేయక "తలనొప్పి వస్తుంది సార్" అని అటక మీద పడేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

ఫొటో కావాల్సిందే అంటే 83 ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉన్న నికాన్ పీ950 లాంటి కెమెరా చూడండి. అదే 200 మీటర్లలో మూడున్నర మీటర్ల వెడల్పే దాని ఫ్రేములో పడుతుంది, మీ పక్షికి 900 చుక్కలు వస్తాయి. కాకపోతే పొద్దున ఎనిమిది లోపు తీయండి. ఎండెక్కాక తారురోడ్డు మీద నీళ్లలా అలలాడుతుంది చూడండి, చెరువు మీదా అదే. దానికి ఏ లెన్సూ మందు కాదు.

"మాది అచ్చంపేట. అమ్రాబాద్ అడవి వైపు వెళ్తే పిట్టలు కనపడవు, కూతలే వినపడతాయి. నెట్‌వర్క్ ఉండదు. యాప్ పనిచేస్తుందా?"

పనిచేస్తుంది. కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ వాళ్ల మెర్లిన్ యాప్ పక్షుల్ని గుర్తుపడుతుంది, ఉచితం. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మన ప్రాంతపు ప్యాక్ దింపుకోండి, సైజు వందల ఎంబీల్లో ఉంటుంది. ఆ తర్వాత కూత విని పేరు చెప్పే సౌండ్ ఐడీ ఫోన్‌లోనే లెక్క చూసుకుంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇలాంటిదే ఇంకొకటి, బర్డ్‌నెట్ యాప్, మీ రికార్డింగును సర్వర్‌కి పంపి జవాబు తెచ్చుకుంటుంది కాబట్టి అడవిలో చేతులెత్తేస్తుంది.

రికార్డు చేసేటప్పుడు ఫోన్ కవర్ మీద వేళ్లు కదపకండి, ఆ గరగర కూత కన్నా పెద్దగా పడుతుంది. స్క్రీన్ మీద వచ్చిన ప్రతి పేరూ నిజమనుకోకండి కూడా. నల్లమలలో రాకెట్ టెయిల్డ్ డ్రాంగో ఉంటుంది. మన ఏట్రింతకు బంధువు, తోక నుంచి రెండు తీగలు వేలాడి చివర చిన్న ఆకుల్లా ఉంటాయి. అది ఇతర పిట్టల గొంతులు అచ్చంగా దింపుతుంది. ఒకే చెట్టు మీద అయిదు నిమిషాల్లో నాలుగు పేర్లు వస్తే ముందు దాని తోక కోసం వెతకండి. యాప్‌లోని కూతలు పైకి ప్లే చేసి పిట్టల్ని పిలవడం మాత్రం వద్దు, గూళ్లు పెట్టే కాలంలో అసలే వద్దు.

"నల్గొండలో ఉంటాను. పానగల్ ఉదయసముద్రం మీద పక్షుల్ని దగ్గరగా తీయడానికి డ్రోన్ కొనొచ్చా?"

వద్దు. మీరు దగ్గరికి పోయేలోపే గుంపంతా లేచిపోతుంది, గద్దలు డ్రోన్‌నే తన్నుకుపోవడానికి వస్తాయి. నీళ్లలో పడితే వెతికి తీసేవాళ్లుండరు. ఆ డబ్బులో పావు వంతుకే పైన చెప్పిన బైనాక్యులర్స్ వస్తాయి.