పిల్లల కోసం వస్తున్న సుధకు పెద్దమ్మ ఉత్తరం

ఇచ్ఛాపురం

అమ్మలూ సుధా,

మొన్న ఫోన్లో నువ్వు "దత్తత ఖాయమైంది పెద్దమ్మా, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల తమ్ముడు, బరంపురంలో ఉన్నారు" అనగానే నాకు నోట మాట రాలేదు. ఒడిశాలో ఉన్నా బరంపురం మాకు పాతిక కిలోమీటర్లు. సముద్రాలు దాటి నువ్వు వస్తున్నది మా పెరటి గుమ్మం దాకానన్నమాట. మీ అమ్మ అడగమంది కాబట్టి కాదు గానీ, ఈ పనిలో దెబ్బలు తిన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు, అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, మీ ఏజెన్సీ వాళ్లు చూసుకుంటారు. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మీ అత్తగారి వైపు ఎవరో "పంతులు గారిని పిలిచి దత్తహోమం చేయించి, రిజిస్ట్రారాఫీసులో కాగితం రాయించుకుంటే వారంలో అయిపోతుంది కదా" అన్నారట. ఆ మాట చెవిన పెట్టకు. ఆ కాగితం పట్టుకుని వెళితే ఈ పిల్లలకి వీసా రాదు. పిల్లల్ని తీసుకెళ్లడానికి మీరు అమెరికాలో పెట్టిన ఐ-800 అర్జీ ముందు అక్కడ ప్రొవిజనల్‌గా అప్రూవ్ కావాలి. ఢిల్లీలో అమెరికా ఎంబసీ వాళ్ల లెటరు, దాని మీద దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఆ తర్వాతే కలెక్టరు గారి ఆర్డరు. 2022 దాకా ఈ ఆర్డరు కోర్టు ఇచ్చేది, ఇప్పుడు కలెక్టరు చేతికి వచ్చింది. ఈ వరసలో ఒకటి ముందూ వెనకా అయితే పిల్లలు ఇక్కడా మీరు అక్కడా ఉండిపోతారు.

మా రోజుల్లో ఎలా ఉండేదో తెలుసా? 1996లో మేం తెచ్చుకున్నదీ ఇద్దరినే, ఏడేళ్లదీ నాలుగేళ్లదీ. అప్పుడు మాకున్నది 1956 నాటి హిందూ దత్తత చట్టం ఒక్కటే. ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంటే ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోకూడదంటుంది అది. అందుకని పెద్దది కోర్టు పర్మిషన్‌తో మా కూతురైంది. చిన్నదానికి బ్రిటిషు వాళ్ల కాలం నాటి గార్డియన్ల చట్టమే దిక్కయింది. ఒకే కంచంలో తినే అక్కచెల్లెళ్లలో ఒకత్తె కూతురు, ఇంకొకత్తె 'వార్డు'. చిన్నదాని స్కూలు ఫారం నింపేటప్పుడల్లా 'గార్డియన్' అన్నచోట మీ పెదనాన్న పెన్ను ఆగిపోయేది. మీకా బాధ లేదు, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఇద్దరూ పూర్తిగా మీ పిల్లలే.

పేరు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ఆర్డరులో ఏ పేరు పడితే అదే బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో వస్తుంది. మా పెద్దదాని పేరు నూకాలు. నాకు అది మోటుగా అనిపించింది. ఇంటికి వచ్చిన రోజే నిహారిక అని మార్చేసి, స్కూల్లో అదే రాయించాను. వారం పోయాక టీచరు కబురంపింది, "మీ అమ్మాయి మూడు రోజులుగా రావట్లేదేంటి?" అని. రోజూ నేనే దిగబెట్టి వస్తున్నాను కదా! వెళ్లి చూస్తే రెండో వరసలో కూర్చునే ఉంది. హాజరు పిలిచినప్పుడు ఆ పేరు తనదని దానికి తోచక పలకలేదు, అంతే. "నూకాలూ" అని పిలిచాను. లేచి నిలబడి "వచ్చానమ్మా" అంది. ఆ రోజు పడ్డ సిగ్గు నేనింకా మర్చిపోలేదు. మీరు కొత్త పేరు పెట్టాలనుకుంటే పాతదాన్ని మధ్యలో ఉండనివ్వండి. ముందు వాళ్లనే అడగండి. తొమ్మిదేళ్ల పిల్లకి తన పేరు మీద ఒక అభిప్రాయం ఉంటుంది.

పిల్లలున్న బరంపురం హోంకి వెళ్లాక సూపరింటెండెంటు గారు మీకు ఫైలు చూపిస్తారు. ఎత్తు, బరువు, టీకాలు అన్నీ అందులో ఉంటాయి. అవి చూసుకున్నాక ఆయమ్మని పక్కకి పిలిచి కూర్చోబెట్టుకో. పిల్లలు ఎలా పడుకుంటారు, దేనికి భయపడతారు, జ్వరం వస్తే ఏం తింటారు, అక్కడ వాళ్ల జట్టు ఎవరు, అన్నీ అడిగి రాసుకో. నేను అడగలేదు. మొదటి రాత్రి ఇద్దరికీ చెరో మంచం, కొత్త దుప్పట్లు వేశాను. చిన్నది గుక్కపట్టి ఏడుస్తోంది. పాలిచ్చాను, ఎత్తుకుని తిప్పాను, మీ పెదనాన్న తాళాల గుత్తి ఆడించారు. ఏదీ పనిచేయలేదు. చివరికి పెద్దది దిగి వచ్చి, దాని పక్కన పడుకుని, తన జడ తెచ్చి దాని గుప్పిట్లో పెట్టింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

దాన్నిబట్టే ఇంకో మాట. ఆ పాప ఇన్నాళ్లూ తమ్ముడికి అమ్మ పని చేసి ఉంటుంది. "ఇక నేను చూసుకుంటాను, నువ్వెళ్లి ఆడుకో" అని ఒక్కసారిగా లాక్కోకు. నేను అలా చేస్తే మా పెద్దది నెలరోజులు నన్ను పరాయిదానిలా చూసింది. స్నానం నువ్వు చేయించు, తల దానిచేత దువ్వించు. మెల్లగా అదే దించుకుంటుంది.

హోం పిల్లలకి కొన్ని అలవాట్లుంటాయి, చూసి బెంగపడకు. మావాళ్లు పొద్దున్నే మగ్గు పట్టుకుని బాత్రూం తలుపు దగ్గర వరసలో నిలబడేవారు. ఇంట్లో ఉన్నది నలుగురం, వరసేమిటి! మంచినీళ్లకి కూడా అడిగేవారు. "ఏం కూర చేయను?" అంటే బిక్కమొహం వేసేవారు, ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న కదా. "వంకాయా, దొండకాయా?" అంటే తేలిగ్గా చెప్పేవారు. మీ అమెరికా షాపుల్లోకి మొదటి వారమే తీసుకెళ్లకు, ఆ బొమ్మల వరసల మధ్య పిల్లలు తట్టుకోలేరు.

మీ బుల్లోణ్ణి తీసుకురావాలా వద్దా అన్నావు. తీసుకురా. పిల్లలు పిల్లలతో కలిసినంత త్వరగా మనతో కలవరు. కాకపోతే బొమ్మల సంచీ వాడి చేతికిచ్చి పంచమనొద్దు, దాతలా ఉంటుంది. హోంలో మిగిలిన పిల్లలూ చూస్తూంటారు కాబట్టి ఏం తెచ్చినా అందరికీ సరిపడా తేవాలి, ముందు ఆఫీసులో అడగాలి. వచ్చేసే ముందు పర్మిషన్ ఉంటే వాళ్ల స్నేహితులతో ఒక ఫోటో తీయించు. మీరు సంబరంగా తీసుకొచ్చే రోజు వాళ్లు ఉన్న ఇల్లు వదిలి వస్తున్నారు, ఏడిస్తే ఏడవనివ్వు.

పిల్లలది ఒడియా అని భాషకి టెన్షన్ పడకు. వాళ్లు అక్కని 'అపా' అంటారు, మనం ఈ వైపు అక్కని అప్ప అంటాం, తేడా ఎంత? 'భొకొ లాగుచి' అంటే ఆకలేస్తోందని, 'డొరొ లాగుచి' అంటే భయమేస్తోందని. ఈ రెండూ మీ ముగ్గురూ నేర్చుకుని రండి. 'పాణి' అంటే మంచినీళ్లు. మన పని అనుకుని చేటా చీపురూ అందించేరు! వాళ్లు తినే పఖాళ అచ్చం మన చద్దన్నమే, నీకు పెరుగూ ఉల్లిపాయా చాలు.

ఆర్డరు వచ్చాక పాస్‌పోర్టులకీ, కారా సర్టిఫికెట్‌కీ, వీసాకీ టైము పడుతుంది. అల్లుడు గారికి సెలవు లేకపోతే ఆయన వెళ్లిపోనీ, నువ్వు ఉండేలా టికెట్టు చేయించుకో. ఆ రోజులు హోటల్లో వద్దు, మా ఇంటికి రండి. పిల్లలకి విమానం కంటే ముందు రైలు అలవాటు అవుతుంది. విజయనగరంలో మీ అత్తగారు సిరిమానోత్సవానికి తీసుకురమ్మంటున్నారట. దసరా వెళ్లిన మంగళవారం ఆ ఊళ్లో ఇసకేస్తే రాలదు. ఈ ఏడాదికి అమ్మవారికి దూరం నుంచే దండం పెట్టుకోమను, నామీద చెప్పెయ్. ఫంక్షనూ వద్దు. చుట్టాలు ఇద్దరేసి చొప్పున వచ్చి పోతే చాలు. "కన్నవాళ్లెవరో తెలుసా?" అని పిల్లల ముందే అడిగేవాళ్లుంటారు. వాళ్లని నాకు వదిలెయ్యి.

అమెరికా వెళ్లాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టులు పంపాలి. అంతా బాగుందని కప్పిపుచ్చకుండా, కష్టంగా ఉంటే ఉందని ఇంటికొచ్చే ఆ సోషల్ వర్కరుతో చెప్పండి.

పిల్లల బట్టల కొలతలు, చెప్పుల సైజులు అడిగి పంపు. గౌనూ చొక్కా ఇక్కడే కుట్టిస్తాను. మంచాలు మాత్రం వెయ్యను, హాల్లో పరుపులు పరిచేస్తాను. రైలు టైము చెబితే స్టేషనుకి నేనూ మీ నూకాలప్పా వస్తాం. మొన్న జడ కత్తిరించుకుని వచ్చింది, చిన్నది ఇంకా దానితో మాట్లాడ్డం లేదు.

మీ పెద్దమ్మ