పంద్రాగస్టు నాడు నాలో ఏమీ కదలకపోతే తప్పా?

మీరు అడిగింది ఇది: "ఆగస్టు 15 వస్తే ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, వాట్సాప్‌లో అందరూ ఊగిపోతుంటారు. నాకు మాత్రం సెలవు దొరికిందన్న సంతోషం తప్ప ఏమీ అనిపించదు. నాలో ఏదైనా లోపం ఉందా?"

లోపం లేదండీ. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ ఇలాగే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైలెక్కితే కాసేపట్లో బాసర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. జెండా వందనం అంటే పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, వానకు బురదైన గ్రౌండులో బారులుగా నిలబడటం. "సావధాన్, విశ్రామ్" అని సార్ అరుస్తుంటే బూట్లలో నీళ్ళు పచపచమనేవి. తర్వాత ప్రతిజ్ఞ: "భారత్ మాఝా దేశ్ ఆహే". నాలుగో తరగతిలో ఒకసారి మధ్యలో మాట మర్చిపోయి ఊరికే పెదాలు కదిపాను. సార్ చూశారు. అందరి ముందుకూ పిలిచి నిలబెట్టి "నీకు దేశమంటే ప్రేమ లేదా?" అన్నారు. చెవులు వేడెక్కిపోయాయి. ఆ రోజు నుంచి ఆ పండగంటే నాకు టెన్షనే. పెద్దయ్యాక భయం పోయింది, కానీ ఆ చోట ఇంకేమీ వచ్చి చేరలేదు.

జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడితే చాలు, పాడకపోవడం నేరం కాదని కేరళ బడిపిల్లల కేసులో 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి మా బడిలో ఎవరికైనా తెలిసి ఉంటే బాగుండేది.

ఉద్యోగంలో చేరాక పంద్రాగస్టు నాడు హాయిగా పడుకునేవాణ్ణి. అలాంటి ఒక రోజు మా బాపమ్మ పక్కన కూర్చుని గోకరకాయ తుంచుతోంది. "మొదటిసారి జెండా ఎగరేసినప్పుడు నువ్వెక్కడున్నవ్?" అని అడిగాను. "ఏ జెండ బిడ్డా? ఆ పొద్దు మా దిక్కు నైజాం రాజ్యమే గద" అంది.

నిజమే. 1947 ఆగస్టు 15న నాందేడ్ హైదరాబాద్ సంస్థానంలో ఉంది. ఇక్కడ జెండా ఎత్తితే జైలే. పదమూడు నెలల తర్వాత, 1948 సెప్టెంబర్ 17న పోలీస్ యాక్షన్ (సంస్థానం మీద భారత సైన్యం జరిపిన చర్య) ముగిశాకే మావాళ్ళకు ఊపిరాడింది. అప్పుడు బాపమ్మకు పదేళ్ళట. అంతకుముందు, నైజాం వైపు సాయుధ దళమైన రజాకార్లు వస్తారన్న భయంతో జొన్నల పాతర మూసి, ఆనవాలు తెలియకుండా పైన పేడతో అలికి, రాత్రికి రాత్రి బంధువుల ఊరికి నడిచారట. ఆమెకు పండగ అంటే సెప్టెంబర్ 17. మా నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతమంతా ఆ రోజు ముక్తి సంగ్రామ దినం పేరుతో జెండా ఎగరేస్తుంది.

కానీ మా వెనక గల్లీలో నా చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో ఆ రోజు టీవీ కూడా పెట్టరు. పోలీస్ యాక్షన్ తర్వాతి రోజుల్లో జరిగిన దాడుల్లో వాళ్ళ తాతగారి అన్న తిరిగి రాలేదు. ముస్లింలు ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటని, ఆ దాడుల గురించి తెలుసుకోవడానికి అప్పటి కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదికలో ఉంది. మా బాపమ్మ నవ్వుతూ చెప్పుకునే తారీఖే వాళ్ళకు మాట పెగలని తారీఖు. ఇది తెలిశాక, ఫలానా రోజు నీకెందుకు ఏమీ అనిపించలేదని ఎవరినీ అడగలేకపోయాను. నన్ను నేను అడుక్కోవడం కూడా మానేశాను.

ఇంకో సంగతి. నేను తడబడిన ఆ ప్రతిజ్ఞను మొదట రాసింది తెలుగులో. నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాశారు. నాకది ముప్పై దాటాక తెలిసింది, నిజామాబాద్ వెళ్ళే రైల్లో పేపరు చదువుతుంటే. బాసర దాటి బ్రిడ్జి మీదికి రాగానే ఆడవాళ్ళు కిటికీల్లోంచి గోదావరిలోకి చిల్లర వేస్తున్నారు. నేను పేపర్లో ఉన్న ఆ తెలుగు మాటలు మెల్లగా పైకి చదువుకున్నాను. గొంతు పట్టేసింది. అది నవంబర్‌లో ఒక మామూలు మంగళవారం.

అందుకే చెబుతున్నాను, బలవంతంగా స్టేటస్ పెట్టకండి. అలాగని పెట్టేవాళ్ళది నాటకం అనుకోకండి. మా ఆవిడ జనవరి 26న ఢిల్లీ పరేడ్ చూస్తూ కళ్ళు తుడుచుకుంటుంది, ఆ కన్నీళ్ళు నిజమైనవే. వీలైతే మీ ఇంట్లో పెద్దవాళ్ళను 1947లో మనవాళ్ళు ఎక్కడున్నారో, ఏం చేస్తుండేవాళ్ళో అడగండి.

ఇప్పుడు మా పాప నాలుగో తరగతి. పంద్రాగస్టు నాడు తనను దింపి నేను గేటు దగ్గరే ఆగిపోతాను, గ్రౌండులోకి వెళ్ళాలని ఇప్పటికీ అనిపించదు. ప్రతిజ్ఞ మొదలవగానే మాత్రం పిల్లల పెదాల వైపే చూస్తుంటాను, ఎవరైనా మధ్యలో మాట మర్చిపోయారేమోనని.