చెరువు పక్క ఇల్లు వద్దనుకున్నాం, అడ్వాన్సు తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలోనే ఉంటున్నాం. మావారి ఆఫీసుకు, పిల్లల స్కూలుకు దగ్గరని, బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందని ముచ్చటపడి నగరానికి పడమటి వైపు 150 గజాల ఇండిపెండెంట్ ఇల్లు రూ.1.10 కోట్లకు మాట్లాడుకున్నాం. 2024 జూన్ 10న అగ్రిమెంటు రాసుకుని 18 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. 12 లక్షలు బ్యాంకు ద్వారా, 6 లక్షలు నగదు. ఆ ఆరు లక్షలు మా అమ్మ తన పలకసర్లు అమ్మి ఇచ్చింది. ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు టీవీలో చూసి భయం పట్టుకుంది. బఫర్ జోన్ (చెరువు చుట్టూ కట్టడాలు కూడని మేర) అని బ్యాంకు కూడా లోను ఇవ్వనంది. ఓనరు పెద్దాయన. వాళ్లింట్లో ఎన్నోసార్లు కాఫీ తాగాం. అసలు సంగతి మొహం మీద చెప్పలేక సెప్టెంబరు 20న ‘మావారికి ట్రాన్స్‌ఫర్ అయింది అంకుల్, ఇల్లు తీసుకోలేం’ అని వాట్సాప్ పెట్టాను. ‘వేరే పార్టీ రాగానే ఇచ్చేస్తానమ్మా’ అన్నారు. అప్పటినుంచీ వచ్చే నెల, వచ్చే నెల అంటూ తిప్పుతూ ఇప్పుడు ‘వెనక్కి తగ్గింది మీరు, అడ్వాన్సు పోయినట్టే’ అంటున్నారు. అమ్మ ముఖం చూడలేకపోతున్నాను. మా డబ్బు వస్తుందా? ఈసారి ఏ ఏరియాలో కొనమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం ఐదు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో మీ కేసును తేల్చేది ఒక్క వాక్యమే: ‘మావారికి ట్రాన్స్‌ఫర్ అయింది అంకుల్.’

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి) చదివితే ఎందుకో అర్థమవుతుంది. కొనేవారు సరైన కారణంతో వెనక్కి తగ్గితే వాళ్లిచ్చిన అడ్వాన్సు, కోర్టు ఇప్పించే దావా ఖర్చులు ఆ ఆస్తి మీదే బాకీగా నిలబడతాయి. కారణం సరైనది కాకపోతే ఆ రక్షణ ఉండదు. ఇల్లు బఫర్‌లో ఉందని వద్దనడం సరైన కారణం. ట్రాన్స్‌ఫర్ మీ సొంత ఇబ్బంది, దానికి అమ్మేవారి పూచీ ఏమీ లేదు. ఇంతకీ మీవారికి ట్రాన్స్‌ఫర్ కానే లేదు! మొహమాటానికి ఆడిన అబద్ధాన్ని రేపు ఎదుటి లాయరు ఎగ్జిబిట్‌గా వేసి, బోనులో మిమ్మల్నే చదవమంటాడు. 18 లక్షల వ్యవహారంలో మొహమాటం ఏమిటమ్మా? కాఫీ కాఫీయే, కాగితం కాగితమే.

అయితే కేసు చేజారలేదు. మీరు జత చేసిన అగ్రిమెంటులో ఏడో పేరా చూశాను. ‘షెడ్యూలు ఆస్తిపై ఎటువంటి ప్రభుత్వ అభ్యంతరాలు గానీ నిషేధాలు గానీ లేవు, ఉన్నచో అమ్మకందారుదే పూచీ’ అని ఉంది. ఈ హామీ తప్పని రుజువైతే ఒప్పందం తప్పింది ఆయనే. ‘చెరువు కళ్లెదుటే ఉంది కదా, ముందే విచారించుకోవాల్సింది’ అని ఆయన తప్పకుండా అంటారు. రాతపూర్వకంగా హామీ ఇచ్చాక ఆ మాటకు బలం తక్కువ.

ఇక బ్యాంకు. లోను ఇవ్వలేమని నోటితో చెప్పారా, మెయిల్ పంపారా? మీరు రాయలేదు. సెప్టెంబరు 20 కంటే ముందు తేదీతో ‘బఫర్ జోన్ కారణంగా’ అన్న మెయిల్ ఉంటే, మీ అసలు కారణం అదేనని, ట్రాన్స్‌ఫర్ మర్యాదకు చెప్పిన మాటని చూపించవచ్చు. లేకపోతే వెంటనే బ్యాంకుకు దరఖాస్తు పెట్టి, తిరస్కరించిన తేదీ, కారణం రాయించుకోండి. టీవీ వార్తల క్లిప్పింగులు, ఫోన్లో తీసిన మ్యాపు స్క్రీన్‌షాట్లు వాటంతట అవే సాక్ష్యంగా నిలవవు. ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) మ్యాపు సర్టిఫైడ్ కాపీని సర్వే నంబరుతో సహా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నుంచి సమాచార హక్కు చట్టం కింద తీసుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. మీ చెరువు ఏ లెక్కలోకి వస్తుందో, గోడ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించండి. పట్టా భూమి, ఇంటిపన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది అని ఆయన అంటే కంగారుపడకండి. పట్టాతో వచ్చేది యాజమాన్యం. బఫర్‌లో ఇల్లు కట్టే అనుమతి దాంతో రాదు.

మరో సంగతి. మీరు పంపిన 1994 నాటి లింకు డాక్యుమెంటులో పడమటి హద్దు ‘చెరువు శిఖం’, అంటే చెరువు గర్భంలోని భూమి, అని ఉంది. తర్వాతి దస్తావేజులో అదే హద్దు ‘30 అడుగుల రోడ్డు’ అయింది. శిఖం ఎప్పుడు రోడ్డయింది? ఆ కాగితం ఆయన బీరువాలోదే కాబట్టి ఆయనకు తెలియదనడానికి లేదు. కాకపోతే దాని జిరాక్సు మీ చేతిలోనూ ఉంది. హద్దులు చదవకుండా 18 లక్షలు ఎలా ఇచ్చారు?

గడువు మాటకొస్తే, దావాకు మూడేళ్లు. సెప్టెంబరు 20నే మొదలుగా పెట్టుకుని 2027 సెప్టెంబరు 20 ఆఖరి తేదీ అనుకోండి. సెక్షన్ 55 బాకీకి 12 ఏళ్ల గడువు ఉంది గానీ, అది ‘సరైన కారణం’ నెగ్గితేనే అక్కరకొస్తుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వచ్చే నెల ఇస్తానన్న నోటిమాటతో గడువు పెరగదు. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. గడువు లోపల ఆయన బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వాట్సాప్‌లో ‘ఇచ్చేస్తానమ్మా’ అన్నది సంతకంతో సమానమా అనే వాదనకు మీ డబ్బును పణంగా పెట్టకండి.

ఆరు లక్షల నగదు అగ్రిమెంటులో లేదు. అమ్మగారి నగల గురించి రెండు పేజీలు రాశారు, నాకు కావాల్సింది బంగారం కొట్టువాళ్లు ఇచ్చిన బిల్లు. తేదీ జూన్ మొదటివారంలో ఉంటే, ‘అందిందమ్మా’ అన్న ఆయన మెసేజ్‌తో కలిపి పనికొస్తుంది. ఇంటి అడ్వాన్సుగా 20,000, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామంటూ దావా వేస్తే కోర్టు ఆ సంగతి ఐటీ శాఖకు తెలపాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. డబ్బు ఎక్కడిదో చూపగలిగితే మీకు భయం లేదు.

ఉత్తరం చివర్లో చిన్నగా రాసిన మాట చూసి ఉలిక్కిపడ్డాను. ఊరినుంచి వచ్చిన మరో పార్టీకి అగ్రిమెంటు బదలాయించేస్తే మీ 18 లక్షలూ చేతికొస్తాయని బ్రోకరు అంటున్నాడు, బఫర్ సంగతి ఆ పార్టీకి చెప్పొద్దంటున్నాడు. ఆ పని కలలో కూడా చేయకండి. ఓనరైనా తనకు తెలియదని బుకాయించి చూడవచ్చు. బఫర్ అని మీకు బ్యాంకే చెప్పింది, మీరు బుకాయించలేరు. తెలిసి దాచి అమ్మితే మోసం కేసులో ముద్దాయి మీరే అవుతారు. ఓనరు మీద పోలీసు కేసు పెట్టి బెదిరించమన్న మీ మరిది సలహా కూడా పక్కన పెట్టండి. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపకపోతే స్టేషన్లో ‘సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి’ అంటారు. ఆ తిరుగుడులో నెలలు పోతాయి. ఇది ఒక వ్యక్తి తన పాత ఇల్లు అమ్ముకునే వ్యవహారం కాబట్టి బిల్డర్ల ప్రాజెక్టులను చూసే రెరా కూడా మీకు పనికిరాదు.

ఏ ఏరియా అంటారా? మీవారు తెల్లాపూర్ అంటున్నారు, మీ అన్నయ్య మెట్రో ఉందని ఉప్పల్ అంటున్నారు. నేనైతే సర్వే నంబరు అడుగుతాను. ఒకే కాలనీలో నాలుగో ఇల్లు భేషుగ్గా ఉండి, ఐదోది నాలా మీద ఉండొచ్చు. మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంకేదీ? అంబర్‌పేట బతుకమ్మ కుంటలో 2025లో నాలుగడుగులు తవ్వగానే నీళ్లు పైకొచ్చాయి. ఇల్లు నచ్చగానే హెచ్‌ఎండీఏ చెరువుల జాబితా, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితా చూడండి. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో, లావాదేవీలే కనిపిస్తాయి, చెరువు కనిపించదు. గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి ప్రహరీ గోడ మీద బురద చార ఎంత ఎత్తున ఉందో చూడండి. సందు చివర కిరాణా కొట్టాయన్ని 2020 అక్టోబరు వానలప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. బ్రోకరు పక్కన లేనప్పుడు అడగండి.

ఇప్పటికి చేయాల్సింది: ఏడో పేరాను, బఫర్ కారణాన్ని స్పష్టంగా రాస్తూ, సెప్టెంబరు 20 నాటి మెసేజ్ మర్యాదకు పెట్టినదని కూడా ఒప్పుకుంటూ లాయరు ద్వారా నోటీసు ఇవ్వండి. 15 రోజుల్లో డబ్బు రాకపోతే దావా. ఆ మెసేజ్‌ను డిలీట్ చేయకండి, ఆయన ఫోన్‌లో ఎలాగూ ఉంది. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, పాత ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయడానికి ఆ ఫోనే కావాలి.